తెల్లవ్వ ట్రంకు కాల్

మొన్నొక సాయంకాలం కొంపల్లిలో మా అపార్టుమెంటు కింద నడక ముగించుకుని బెంచీ మీద కూర్చుని ఉండగా, మూడో అంతస్తు కోడలుపిల్ల ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టి, చదువుకోవడానికి పోలండు వెళ్ళిన తన చెల్లెలిని చూపించింది. ఆ అమ్మాయి మంచు పడుతున్న వీధిలో నడుస్తూ, తానుండే ఊరి పేరు వూచ్ అనీ, మనవాళ్ళెవరికీ ఆ పేరు నోరు తిరగదనీ నవ్వింది. నాకు తిరుగుతుంది. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ పేరును నెలల తరబడి హెడ్‌ఫోనులోకి అరిచి అరిచి పలికినదాన్ని నేను. ఆ పిల్లకు ఏదో బదులు చెప్పి పైకి వచ్చేశాను గానీ, అప్పటినుంచి ఏ పని మీదా మనసు నిలవడం లేదు. నలభై ఏళ్ళకు పైగా మా ఆయనకు కూడా చెప్పని సంగతి ఇది.

మన ఈడువాళ్ళకు ట్రంకు కాల్ అంటే విడమరిచి చెప్పనక్కరలేదు. అప్పుడు నేను మేడ్చల్ టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరును. ఒక చిన్న గది, గోడకు ఆనించిన బోర్డు, తీగలు, ఎదురుగా జనం కూర్చోవడానికి ఒక చెక్క బల్ల. పై దేశానికి కాల్ కావాలంటే నేను హైదరాబాదును అడగాలి, హైదరాబాదు బొంబాయిని అడగాలి, బొంబాయి ఆ దేశాన్ని అడగాలి. ఆ బల్ల మీద పెళ్ళి కబుర్లకూ చావు కబుర్లకూ ఎదురుచూసినవాళ్ళను ఎందరినో చూశాను గానీ, అక్కడ ఒక చలికాలమంతా కూర్చున్నది ఒక్క తెల్లవ్వే.

తెల్లవ్వ అన్నది శామీర్‌పేట జనం పెట్టుకున్న పేరు. ఆమెకు అప్పటికి యాభై అయిదు దాటాయేమో. అక్కడి ద్రాక్షతోటలో ఒక పెంకుటింట్లో ఒంటరిగా ఉండేది. సైన్యంలో గుర్రాలకు వైద్యం చేసిన మన ప్రాంతపు పశువుల డాక్టరు ఆమె భర్త. ఆయన పోయాక కూడా ఆమె ఆ తోట వదల్లేదు. పిల్లలు లేరు. తోటపనికి వచ్చే ఆడవాళ్ళ దగ్గర నేర్చిన తెలుగు కనుక, కళ్ళు మూసుకుని వింటే మా మేనత్త మాట్లాడుతున్నట్టే ఉండేది.

పోలండులోని ఆ వూచ్‌లోనే యూదుల ఇంట పుట్టింది. జర్మను సైన్యం వచ్చిన ఏడాది, డిసెంబరులో, తండ్రి పదమూడేళ్ళ ఆమెను వెంటబెట్టుకుని తూర్పుకు పారిపోయాడు. దారి ఎలా ఉందో చూసి తల్లినీ ఎనిమిదేళ్ళ చెల్లెలినీ పిలిపించుకోవాలని అనుకున్నారట. అవతల రష్యావాళ్ళు వీళ్ళను పట్టి సైబీరియా అడవులకు చెట్లు నరకడానికి పంపారు. తండ్రి అక్కడే మంచులో పోయాడు. ఆమె అనాథ పిల్లల గుంపుతో ఇరాను మీదుగా మన దేశానికి వచ్చి, కొల్హాపురు పక్క శిబిరంలో పెరిగింది. అక్కడ వూచ్‌లో, యూదులందరినీ ఒక వాడలోకి తోలి ముళ్ళకంచె కట్టకముందే తల్లి చిన్నపిల్లను తెలిసిన ఒక క్రైస్తవ స్త్రీ చేతిలో పెట్టింది. తల్లిని తర్వాత రైలెక్కించి తీసుకుపోయారు. ఆ చెల్లెలు ఒక్కతే మిగిలింది. యుద్ధం అయిపోయిన ఎన్నాళ్ళకో ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఒకరినొకరు కనుక్కున్నారు గానీ, మళ్ళీ కలుసుకోవడం అన్నది జరగనే లేదు. యుద్ధం ముగిసిన ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఒకసారి అక్కడి ప్రభుత్వం యూదులను ఉద్యోగాల నుంచి తీసేసి, వేలమందిని దేశం విడిచిపోయేలా చేసింది. బడిపంతులమ్మగా ఉన్న చెల్లెలి ఉద్యోగం కూడా పోయింది. అక్క రమ్మంటే, అమ్మ తిరిగిన వీధులు వదిలి రాలేనని రాసిందట.

తల్లి ఏ రోజున పోయిందో ఇద్దరికీ తెలియదు. అందుకని తాము విడిపోయిన రోజునే ఆమె సంవత్సరీకంగా పెట్టుకుని, ఏటా ఆ రోజు ఇద్దరూ చెరొక దీపం పెట్టి, మూడు నిమిషాలు ఫోనులో మాట్లాడుకునేవారు. ఆ మూడు నిమిషాల కోసం తెల్లవ్వ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చేదట.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఆ రోజు కాల్ కలవనేలేదు. డిసెంబరు నడుమ పోలండులో సైన్యం పాలన చేతిలోకి తీసుకుని, సమ్మెలు చేసిన కార్మికులను జైళ్ళలో పెట్టి, దేశమంతా ఫోన్లు కోసేసింది. మాకు ఆ రాజకీయం తెలియదు. బొంబాయి నుంచి వచ్చే జవాబు ఒక్కటే, లైను లేదు. తెల్లవ్వ రోజూ బస్సెక్కి వచ్చి బల్ల మీద కూర్చునేది. నేను తల అడ్డంగా ఊపితే, "న్యేమా?" అనేది. వాళ్ళ భాషలో లేదు అనడానికి ఆ మాట అట.

"మా చెల్లె ఉత్తరాలల్ల గదే మాట బిడ్డా. దుకాణంల మాంసం న్యేమా, చక్కెర న్యేమా. ఇగ ఫోను గూడ న్యేమా" అంది ఒకరోజు. నేను కూడా ఆమెకు ఆ మాటతోనే జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాను. చెల్లెలిని షోస్త్రా అంటారనీ, అక్కను కూడా అదే మాటతో అంటారనీ ఆ బల్ల మీదే నేర్పింది.

ఎండలు మొదలయ్యాక ఒకరోజు ఆమె రాలేదు. జ్వరమని తోట మనిషి చెప్పిపోయాడు. బుక్ చేసిన మనిషి ఎదురుగా లేకుండా కాల్ కలపవద్దని మా సూపర్‌వైజరు సారు ఎన్నోసార్లు చెప్పి ఉన్నాడు. అయినా అలవాటు కొద్దీ, ఎలాగూ లైను రాదులే అనుకుంటూ నేనే బుక్ చేశాను. మధ్యాహ్నం బొంబాయి అమ్మాయి, "మాట్లాడండి, మాట్లాడండి" అంది.

మొదట ఒక మగ గొంతు, రికార్డు వేసినట్టు, ఒకే వాక్యం పదే పదే పలికింది. ఈ సంభాషణ మేము వింటున్నాము అని దాని అర్థమట, తర్వాత తెలిసింది. దాని వెనక చాలా దూరం నుంచి ఒక ఆడగొంతు. అచ్చం తెల్లవ్వ గొంతే. నేను ఇంగ్లీషులో ఇండియా అన్నాను, జ్వరం అన్నాను, రేపు అన్నాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. "షోస్త్రా? షోస్త్రా?" అని అడుగుతూనే ఉంది. ఇక్కడ లేదు, ఇంట్లో ఉంది అని చెప్పాలి. నాకు వచ్చిన మాటలు రెండే.

"షోస్త్రా న్యేమా" అన్నాను. లైను తెగింది.

డ్యూటీ దిగుతూనే బస్సు పట్టుకుని శామీర్‌పేట పోయాను. నీ చెల్లెలు బతికి ఉంది, నా చెవులతో విన్నాను అని చెబితే, తెల్లవ్వ దుప్పటి తోసేసి లేచి కూర్చుని నా చెవిని ముట్టుకుంది. "గీ చెవులనేనా బిడ్డా?" అంది. మరునాడు జ్వరంతోనే వచ్చింది. ఈసారి లైను దొరికింది. అవతల ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఆ మరునాడూ అంతే. వారం రోజులు హెడ్‌ఫోను ఆమె చెవికి పెట్టి ఆ మోతనే వినిపించాను. బజారుకు పోయిందేమో అనేది. రొట్టె కోసం వరసలో నిలబడిందేమో అనేది. ఆఖరికి ఉత్తరం రాసి వేసింది.

రెండు నెలలకు జవాబు వచ్చింది, కవరు మీద సెన్సారు ముద్రతో. రాసింది చెల్లెలి పక్కింటావిడ. తెల్లవ్వ బల్ల మీదే విప్పి, నాకోసం ఒక్కొక్క మాటా తెలుగులోకి మారుస్తూ చదివింది. ఎవరో అమ్మాయి ఇండియా నుంచి ఫోను చేసి మీ అక్క లేదని చెప్పిందట. చెల్లెలు అద్దానికి దుప్పటి కప్పి, దీపం పెట్టి, చావైన ఇంట వాళ్ళ ఆచారం ప్రకారం ఏడు రోజులు పొట్టి పీట మీద కూర్చుందట. ఫోను మోగుతుంటే పక్కింటావిడ ఎత్తబోయిందట. నాకు ఫోను చేసేవాళ్ళు ఇక ఎవరున్నారు, వదిలెయ్ అందట. ఎనిమిదో రోజు పొద్దున నిద్రలేవలేదట, పోయింది. మీ ఉత్తరం చూశాకే మీరు బతికి ఉన్నారని తెలిసింది, క్షమించండి అని ఆఖరున రాసి ఉంది.

బోర్డు మీద దీపాలు వెలుగుతున్నాయి, ఎవరెవరో కాల్ అడుగుతున్నారు. తెల్లవ్వ ఉత్తరం మడిచింది.

"గా రోజు నువ్వేమన్నవో మల్లొక్కపారి చెప్పు."

చెప్పాను.

"మంచిగనే అన్నవ్. ఊళ్ళె లేదన్నా గదే మాట, సచ్చిపోయిందన్నా గదే మాట. మా భాషనే గట్లున్నది" అంది. నన్ను క్షమించిందా అంటే చెప్పలేను. క్షమించాననీ అనలేదు, తిట్టనూ లేదు.

ఆమె కూడా ఏడు రోజులు నేల మీద కూర్చుంది. తోడు కూర్చోవడానికి ఆమె జాతివాళ్ళు ఈ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. సంగతి పూర్తిగా తెలియకపోయినా మా అమ్మ, "సావైన ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు, తీస్కపో" అని అన్నమూ ఉడికించిన గుడ్లూ గిన్నెలో పెట్టి ఇచ్చేది. గుడ్లు చూసి తెల్లవ్వ, మా దగ్గర కూడా ఇవే పెడతరు అంది. ఆ ఏడు రోజుల్లో ఆమె అన్నది ఆ ఒక్క మాటే. తర్వాత మరి నాలుగేళ్ళు బతికింది. మేడ్చల్ వైపు రాలేదు. పోయాక తోట మనుషులే భర్త పక్కన పూడ్చిపెట్టారు. అక్కడ ఇప్పుడు ప్లాట్లు చేసి రోడ్లు వేశారు. రెండుసార్లు పోయి వెతికాను, ఆనవాలు దొరకలేదు.

నేను మాత్రం రిటైరయ్యేదాకా, ఎవరు ఎవరిని అడిగినా లేరు అన్న ముక్కతో ఆపలేదు. బతికే ఉన్నారండీ, ఊళ్ళోనే ఉన్నారు, ఇప్పుడు ఇక్కడికి రాలేదు అంతే అనేదాన్ని. తోటివాళ్ళు నవ్వేవారు. ఆ ఉద్యోగాలూ ఇప్పుడు లేవు. ఇద్దరు మనుషుల మాటల మధ్య ఇంకెవరూ నిలబడనక్కరలేదు. ఒక మాట తప్పుగా వినబడితే మరు నిమిషంలో ముఖం చూపించి సరిచేసుకోవచ్చు. అలాంటి రోజులు వచ్చినందుకు సంతోషించవలసినదాన్నే. సంతోషించబోయినప్పుడల్లా ఒక్కటే లెక్క తోస్తుంది. ఆ యుద్ధమూ, ఆ ముళ్ళకంచే, ఆ సైన్యమూ తెంపలేనిదాన్ని మంచి చేయబోయిన నా రెండు మాటలు తెంపేశాయి.