కుదరని కాలరు

శంకరరావు చేతిలోని కత్తెర హాఫ్‌హ్యాండ్స్ చొక్కా కత్తిరించదు. తెనాలి మార్కెట్టు వీధిలో ఆయన కొట్లో కాజాలు కుట్టేవాణ్ణి గనక ఈ మాట ధైర్యంగా చెప్పగలను. ఎవరేం అడిగినా సరేనంటాడు. గుడ్డ పరిచి సుద్దముక్క పట్టాడంటే మాత్రం గీత మోచేయి దాటి మణికట్టు దాకా వెళ్ళిపోతుంది. గుడ్డ చాలకపోతే అదే రంగుది తనే కొనుక్కొచ్చి కలుపుతాడు.

అంగలకుదురు వాలీబాల్ జట్టు బనియన్లకీ అదే గతి. "ఎండలో ఎగిరేది మీరా, నేనా?" అన్నాడు వాళ్ళతో. ఇస్త్రీ బసవమ్మ తన జాకెట్టు విప్పి చూసుకుని, "ఇది జాకెట్టా నాయనా, రైన్‌కోటా?" అంది.

ఒక వేసవిలో అమృతలూరు రైతు ప్రకాశరావు గుడ్డ తెచ్చాడు. పగలంతా పొలంలో తలకి గుడ్డైనా చుట్టకుండా తిరిగే మనిషి. బాపట్లలో మేనకోడలి పెళ్ళి.

"ఈసారైనా హాఫ్‌హ్యాండ్సేనయ్యా."

"అలాగేనండి."

మెడ చుట్టూ తిరుగుతున్న టేపు చెవి వెనక ఆగింది.

"ఈ పుండేంటండి?"

"ఏదో కుట్టుంటదిలే."

"వరికోతలప్పుడు కొలిస్తే ఉంది. మామిడికాయలొచ్చినా ఉంది. పెచ్చు కడతంది, ఊడతంది. ఓసారి డాక్టరుకి చూపించండి."

"నొప్పా, సలుపా? నాకు కనపడను కూడా కనపడదే."

నిజమే. మన మెడ వెనక ఏముందో మనకి తెలియదు. దాన్ని చూసేది మంగలి, లేకపోతే దర్జీ.

చెప్పిన రోజుకి ప్రకాశరావు వచ్చాడు. "కాలరు కుదరలేదండి, రేపు రండి," అన్నాడు శంకరరావు. గడువు ఏనాడూ తప్పని మనిషి. చొక్కా చూస్తే ఇస్త్రీతో సహా ఆయన కాళ్ళ దగ్గరే, బల్ల కింద ఉంది. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడు ప్రకాశరావుకి మండింది.

"నా మెడేగా? రోజుకో రకంగా మారుతుందా?"

"మెడ మీద ఏదో అడ్డమొస్తందండి. అది చూపించుకొస్తే కాలరు కుదురుద్ది."

"చొక్కా కోసం డాక్టరు దగ్గరికెళ్ళాలా?"

"లేకపోతే పాతది వేసుకెళ్ళండి. అదీ నేను కుట్టిందే. ఫుల్‌హ్యాండ్సే."

తిట్టుకుంటూ వెళ్ళాడు. పెళ్ళికి పాత చొక్కాతోనే వెళ్ళాడని తెలిసింది.

చాలా రోజులకి చెవి వెనక పట్టీతో వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ముక్క తీసి పరీక్షకి పంపారయ్యా. చర్మం కాన్సరంట. ఏళ్ళ తరబడి తిన్న ఎండ ఊరికే పోదంట. లోపలికి పాకకముందే వచ్చావు, మొత్తం తీసేశామన్నారు."

కొట్లో మిషన్లు ఆగిపోయాయి.

"ఇక మీదట పెద్ద అంచు టోపీ పెట్టుకోవాలంట. ఫుల్‌హ్యాండ్స్ వేసుకోవాలంట. ఏంటయ్యా, నువ్వూ ఆ డాక్టరూ ముందే మాట్లాడుకున్నారా?"

శంకరరావు వంగి, బల్ల కింది చొక్కా తీసి దుమ్ము దులిపాడు. ప్రకాశరావు దాన్ని అక్కడే తొడుక్కున్నాడు. అలవాటు కొద్దీ చొక్కా చెయ్యి పైకి మడుస్తూ, శంకరరావు చూపు తగిలి ఆగాడు. మడత దించి, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకున్నాడు.

"ఇప్పుడు కుదిరిందండి కాలరు," అని శంకరరావు ఆయన విప్పిన చొక్కా మడిచి, కవర్లో పెట్టి చేతికిచ్చాడు.