అచ్చిరాని ఆవు

గద్వాలలో మగ్గం నేసే మా అమ్మకు నా ఉద్యోగం ఇప్పటికీ అంతుపట్టదు. మీ బిడ్డ ఏం చేస్తదని ఎవరైనా అడిగితే, "డాక్టరే గని సూది ఇయ్యదు" అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. కొత్తగా పుట్టుకొచ్చే వైరస్‌ల వెంట ఇన్నేళ్లు తిరిగినా, నా చేతి మీదుగా ఒక్క మనిషికీ జ్వరం తగ్గలేదు.

లింగాల దగ్గరి ఒక ఊళ్లో యువరైతు ఒకడు జ్వరమొచ్చి, ముక్కులోంచి రక్తం కారి చనిపోయాడని నమూనాల కోసం నన్ను పంపారు. రక్తం అప్పటికే దవాఖానలో తీసి ఉంచారు. పశువుల ఒంటికి పట్టి రక్తం పీల్చే పిడుదులు నేను ఏరుకోవాలి. నేను ఆ రైతు ఇంటికి వెళ్లేసరికి రోగమేదో అక్కడ ముందే తేల్చేశారు. అతని పసికొడుకు పాలకోసమని భార్య తల్లిగారింటి వాళ్లు వనపర్తి అవతలి నుంచి ఒక ఆవును పంపారట. అది వచ్చిన కొన్నాళ్లకే మనిషి పోయాడు.

"ఆవు అచ్చిరాలే. నా కొడుకును మింగింది" అని అత్త శోకం పెడుతోంది. పిల్లవాడు ఆమె ఒళ్లోనే ఉన్నాడు. తల్లి చేయి చాపితే ఇవ్వడం లేదు.

కొట్టంలోని ఎడ్ల మీదివి విడిగా ఏరాక, నేను ఆవు చెవుల్లోంచి పిడుదులు తీస్తుంటే దాన్ని పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ కోడలే వచ్చింది. నేనిచ్చిన గ్లవ్స్ తొడుక్కుని ఆవు మెడ పట్టుకుని, మెల్లగా అడిగింది.

"మేడం, మీ పరీక్షల తేలుతది గద, నా తప్పు లేదని? తేలితె నా కొడుకును నాకిస్తరు."

"తేలుతుంది" అన్నాను, నమ్మే అన్నాను. నిజం తెలిస్తే జనం మారతారని చదువులో నూరిపోశారు మాకు.

ఫలితం తొందరగానే వచ్చింది. చనిపోయినతని రక్తంలో ఉన్న వైరస్సే పిడుదుల్లోనూ ఉంది. ఆ మాట ఆ ఇంట్లో చెప్పడానికి మాత్రం అనుమతి రాలేదు. జనం భయపడతారన్నారు మా పెద్దలు. ఆ ఇంట్లో ఇంకా భయపడటానికి ఏం మిగిలిందో నాకు అర్థం కాలేదు. ఈలోపు వ్యాసం అచ్చయింది. పిడుదు బొమ్మను ఇంత పెద్ద తెర మీద చూపించి చప్పట్లు కొట్టించుకున్నాం. మా రంగంలో ఆ రోగం పేరు తెలియని వాళ్లు లేరు, తెలియనిది పోయినవాడి భార్యకే.

ఏడాది తిరిగాక వెళ్లి చెప్పమన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు వెళ్లాను. ఆవును ఎప్పుడో పెబ్బేరు సంతకు తోలేశారు. పిల్లవాడు నడుస్తున్నాడు, నానమ్మ కొంగు పట్టుకుని.

ఇరుగుపొరుగును పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. ఇది చేతబడి కాదు, నష్టజాతకం కాదు, పురుగు మోసుకొచ్చిన రోగం, ఇందులో ఎవరి తప్పూ లేదని. అందరూ శ్రద్ధగా విన్నారు. అత్త మాత్రం ఒకటి అడిగింది.

"కొట్టంల మా ఎడ్లు గూడ ఉండె. వాటి మీది పురుగులల్ల గూడ దొరికిందా?"

దొరకలేదు. దొరికిందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా పాడు చదువు అడ్డం పడింది.

"లేదమ్మా, ఆవు మీది వాటిలోనే. కానీ అవి ఆవుకు ఎక్కడ పట్టాయో ఏ పరీక్షా చెప్పలేదు, మీ చేలోనే పట్టి ఉండొచ్చు..."

'కానీ' తర్వాతి మాటలు ఎవరి చెవికీ ఎక్కలేదు.

"పీనుగ లేవకముందే నేను సెప్పలే? ఇయ్యాల సర్కారోళ్లు గూడ గదే అంటుండ్రు" అని అందరి వైపూ తిరిగి, అత్త మనవణ్ణి చంకనేసుకుని లోపలికి పోయింది.

కోడలు ఏడవలేదు. మర్యాదకు జీపు దాకా నాతో వచ్చింది.

"ఇన్ని దినాలు అత్తమ్మ ఒక్కతే అంటుండె మేడం" అంది. "ఊర్ల సగం మంది నా దిక్కుండ్రి. ఇగ ఎవరుంటరు?"