ఏడో పాయింట్

భేస్తాన్‌లోని మా ఇంట్లో ఒక గది మొత్తం బొమ్మ రైలుకే ఇచ్చేశాను. ప్లైవుడ్ బల్ల మీద పట్టాలు, అవి రెండుగా చీలేచోట పాయింట్లు, ఒక్కో పాయింట్ కింద బల్లకు బిగించిన చిన్న మోటారు. మోటారు నుంచి ఒక స్టీలు తీగ బల్లకు వేసిన రంధ్రంలోంచి పైకొచ్చి పట్టాల మొనలను అటూ ఇటూ జరుపుతుంది. ఆరు పాయింట్లకు చక్కగా కుదిరింది. ఏడోది మాత్రం నా ప్రాణం తోడేసింది. మొన పక్క పట్టాకు పూర్తిగా ఆనదు, వెంట్రుకంత సందు మిగులుతుంది, ఇంజను అక్కడికి రాగానే ఒరిగి పడుతుంది.

హజీరా ప్లాంటులో మనిషంత ఎత్తు వాల్వులు చూసుకునే ఇంజనీరును, నాకిదో లెక్కా అనుకున్నాను. మోటారు రెండుసార్లు మార్చాను. మీటరు పెట్టి కరెంటు కొలిచాను. ఆ మోటారు తయారుచేసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆ ఆదివారం మా మేనమామ వచ్చాడు. ముప్పై ఏళ్లు మరమగ్గాలు బాగుచేసిన మిస్త్రీ. ఆ చప్పుడుకు చెవులు పోయాయి, దగ్గరగా అరిస్తే కొంచెం వినబడుతుంది. కార్ఖానాలో కొత్త మగ్గాలు దిగాక యజమాని సేఠ్ ఇక రావద్దన్నాడు. చెవుల్లేని మిస్త్రీని ఎవరు పెట్టుకుంటారు, సొంతూరు సిరిసిల్లకు పోతానని నెల రోజులుగా అదే మాట. ఏం చెప్పాలో తెలియక ఆయన్ను తప్పించుకు తిరిగాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను బల్ల కింద దూరి, మోటారుకు చెవి ఆనించి వింటున్నాను. మామ నన్ను జరగమని సైగ చేసి, మోకాళ్ల మీద కూర్చుని, బల్ల అడుగున అరచేయి ఆనించాడు. స్విచ్ వేయమన్నాడు. తర్వాత ఆరో పాయింట్ కింద చేయి పెట్టి మళ్లీ వేయమన్నాడు.

"మోటరు మంచిగనే ఉన్నది అల్లుడా. తీగె బొక్కకు రాసుకుంటున్నది, గీ దిక్కు."

నమ్మకుండానే టార్చి వేశాను. ఆయన గోటితో చూపించిన వైపే, రంధ్రం అంచున సన్నటి ఒరిపిడి గీత మెరుస్తోంది. నూరు మగ్గాలు ఒక్కసారిగా మోగే షెడ్డులో మంచి చెవులున్నవాడికైనా ఏం వినబడుతుంది? ఈయన ఏనాడూ చెవులతో పని చేయనేలేదని అప్పుడు తట్టింది.

మోటారు విప్పి, గుండ్రటి ఆకురాయితో ఆయనే రంధ్రం అంచు అరగదీసి, మళ్లీ బిగించాడు. పెట్టెలు తగిలించి ఇంజను వదిలాను. మామ పట్టాల వైపు చూడనైనా లేదు. బల్ల మీద చేయి పెట్టుకుని కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు.

"దాటింది," అన్నాడు. "ఎనక డబ్బా చక్రమొకటి జర వదులున్నది, సూడు."

రైలు ఆపి చూశాను. వదులుగానే ఉంది.

మర్నాడు మా ప్లాంటు పంపులు బాగుచేసే వర్క్‌షాపుకు వెళ్లి ఆయన గురించి చెప్పి పని ఇమ్మని అడిగాను. చెవులు వినబడవంటున్నారు కదా, ఎలా అని యజమాని సందేహించాడు. ఒక్కసారి మెషిన్ మీద ఆయన్ను చేయి పెట్టనివ్వండి, ఆ తర్వాత మాట్లాడదాం అన్నాను.