తిరుమలయ్య బొద్దు అక్షరాలు

తిరుత్తణిలో బోర్డులు రాసే తిరుమలయ్యకు ఒకటే జబ్బు. కోసుగా ఉండే అక్షరం రాయలేడు. తమిళమైనా తెలుగైనా ఆయన కుంచె కింద పడితే బోండాలా ఉబ్బాల్సిందే. నేను ఊళ్ళు పట్టి తిరిగినవాణ్ణి. రాళ్ళ మీద, రాగిరేకుల మీద, లారీల వెనక ఎన్నో రాతలు చూశాను. బుగ్గ గిల్లబుద్ధేసే అక్షరాలు మాత్రం ఇక్కడే చూశాను.

పాడె సామాన్లమ్మే ఏళుమలై కొట్టుకూ ఆయనే బోర్డు రాశాడు. మరునాడు కొండకొచ్చిన యాత్రికుడొకడు "లడ్డు తాజాదేనా అన్నా?" అని అడిగాడట. ఏళుమలై రుసరుసలాడుతూ వచ్చాడు.

"ఏమయ్యా, నా అంగడి చూస్తే ఏడుపు రావల్ల గదా?"

"వచ్చేవాళ్ళు ఏడ్చుకుంటానే వస్తారన్నా. మనం గూడా ఏడిపించల్నా?"

డెబ్బై ఎనిమిదో సంవత్సరం వానలకు మా వీధి చివర, రాళ్ళు తవ్వి వదిలేసిన గుంత నిండింది. ఒక మేక జారిపడి మళ్ళీ పైకి రాలేదు. మా వీధి తల్లులంతా పగలు బియ్యం మిల్లులో ఉంటారు, పిల్లలు వీధిలో. మా పక్కింటి పొన్నమ్మకు ఆరేళ్ళ దేవసేన ఒక్కతే కూతురు. వడ్లు ఆరబోస్తున్నా ఆమె ప్రాణం గుంత దగ్గరే ఉండేది.

వార్డు మెంబరు సుందరరాజ్ తిరుమలయ్యను పిలిపించాడు. "గోడ కట్టేదాకా ఒక బోర్డు కావల్ల. పుర్రె బొమ్మ ఏయి. పిల్లోళ్ళకు గుండెలు జారిపోవల్ల."

తిరుమలయ్య వేశాడు. గులాబీ రంగులో, తమిళంలో, 'లోతు గుంత, పోవద్దు' అని. పక్కన నవ్వుతున్న కప్ప. నాటింది కూడా గుంత దగ్గర కాదు, వీధికి రెండో కొసన.

"పుర్రె యాడయ్యా?"

"పుర్రే మొదలుపెట్టినా సార్. బుగ్గలొచ్చేసినాయి."

అందరూ నవ్వారు, పొన్నమ్మ తప్ప. "ఇది చూసి బిడ్డలు కప్పను ఎతుక్కుంటా గుంతకాడికే పోతారయ్యా," అంది నాతో.

రెండో రోజు సాయంత్రం ఆమె మిల్లునుంచి పెరటి దారిన వచ్చేసరికి ఇంట్లో దేవసేన లేదు. ఇద్దరం గుంతకు పరుగెత్తాం. పచ్చటి నీళ్ళు. నడిమధ్య నల్లగా ఏదో తేలుతోంది. కర్రతో లాగితే కొబ్బరిచిప్ప. అయినా ఇద్దరం నీళ్ళమీదనుంచి చూపు తిప్పుకోలేకపోయాం.

అప్పుడు వీధి ఆ కొసనుంచి పిల్లల నవ్వులు వినపడ్డాయి.

వెళ్ళి చూస్తే బోర్డు ముందు వీధి పిల్లలంతా ఉన్నారు. దేవసేన ఒక అక్షరం వెంట వేలు తిప్పుతోంది. మోచేతిదాకా గులాబీ రంగు. పక్కన కుంచెతో తిరుమలయ్య.

"ఇంకా ఆరలేదా?" అన్నాను, ఊపిరి తీసుకుని.

"ఆరితే వీళ్ళు ఎందుకొస్తారు సామీ? దినమ్మూ మధ్యాన్నం ఇంకో పూత ఏస్తా. తల్లులొచ్చిందాకా ఈడే ఉంటారు."

పొన్నమ్మ కూతుర్ని అమాంతం ఎత్తుకుంది. చీరంతా గులాబీ అయింది. "రేపు వేరే రంగు ఏయన్నా," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఇది వదిలేట్టు లేదు."

గోడ లేచేసరికి చలికాలం పోయింది. అప్పటికి పూతమీద పూతతో అక్షరాలన్నీ ఒళ్ళు చేసి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఒకే గులాబీ ముద్దయిపోయాయి. సుందరరాజ్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"దీన్ని ఎవురు చదవగలరయ్యా?"

దేవసేన ముందుకొచ్చింది. కళ్ళు మూసుకుని, ఆ ముద్దమీద వేలు గుండ్రంగా తిప్పుతూ, 'లోతు గుంత, పోవద్దు' అని తడుముకోకుండా చదివేసింది.