పడవల పేర్లు అడిగే బెర్నడెట్

బెర్నడెట్ సురెట్ ఎవరినీ “ఎలా ఉంది?” అని అడగదు. గుండె ఆపరేషన్ అయినవాళ్లను ఇంటెన్సివ్ కేర్ మంచం మీంచి లేపి నడిపించడం ఇరవై ఆరేళ్లుగా ఆమె పని. ఆ ఒక్క ప్రశ్న ఆమె నోట రాకపోవడానికి కారణం నాకు ఒక నవంబరు ఉదయం తెలిసింది.

అప్పటికి నేను సముద్రతీర నగరం హాలిఫాక్స్‌లో ఆ వార్డులో నర్సుగా చేరి రెండు నెలలు. మూడో మంచంలో వెండెల్ నికర్సన్. డెబ్బై ఒక్కేళ్లు. చేపల రేవు వుడ్స్ హార్బర్‌లో లాబ్‌స్టర్లనే పెద్ద రొయ్యలు పట్టే మనిషి. రొమ్ము ఎముక కోసి, తీగలతో కట్టి రెండు రోజులైంది. కిటికీ దాకా ఇరవై అడుగులు నడిస్తే ఆ రోజే మామూలు వార్డుకు పంపిస్తానని డాక్టరు చెప్పి వెళ్లాడు. నడవాలి. పడితే మాత్రం ఆ ఎముక విడిపోవచ్చు.

“చేతులు ఆనించకండి. దిండు గుండెకి హత్తుకుని కాళ్ల మీద లేవండి,” అంది బెర్నడెట్.

“యాభై ఏళ్లు ఈ చేతులతోనే బతికానమ్మాయ్.”

“ఇవాళ వాటికి సెలవు.”

లేచాడు. ఛాతీలోంచి వచ్చే గొట్టాల పెట్టె, గుండెను బయటి నుంచి కొట్టించే చిన్న పేస్‌మేకరు వాకరుకు తగిలించి ఉన్నాయి. నిద్రపోతున్న బిడ్డ జుట్టు సర్దినట్టు బెర్నడెట్ ఒక్కో తీగనూ వేలితో తడిమింది. ఆయన నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి వెనక నుంచి పట్టుకుంది. చక్రాల కుర్చీని ఆయన మోకాళ్ల వెనకే తోసుకురావడం, దానికి వేలాడే మానిటరు చూడడం నా పని.

“మీ రేవులో పడవల పేర్లు చెప్పండి. గట్టు చివరి నుంచి వరసగా.”

“ఎందుకూ, కొంటావా?”

“మునగనిదేదైనా ఉంటే చూస్తాను.”

“షిర్లీ జూన్.” ఒక అడుగు. “త్రీ సిస్టర్స్. అది మా తమ్ముడిది. వాడి కూతుళ్లు, ఆ అక్కచెల్లెళ్లు ముగ్గురికీ మాటల్లేవు.” ఇంకో రెండు అడుగులు. “మిస్ ఎథెల్.”

కిటికీ అవతల సముద్రం బూడిద రంగులో ఊపిరి తీస్తోంది. మానిటరులో గుండె వేగం ఎనభై. మళ్లీ ఎనభై. పేరుకీ పేరుకీ మధ్య ఎడం పెరిగింది.

“ఎలా ఉంది పెద్దాయనా?” అని నేను అడిగాను.

“బాగానే ఉన్నా.”

ఆ మాట నమ్మాను. చక్రానికి చుట్టుకున్న మానిటరు ఛార్జింగ్ వైరు విప్పడానికి వంగాను. కుర్చీ రెండడుగులు వెనకబడింది.

“షిర్లీ జూన్,” అన్నాడు వెండెల్, మళ్లీ.

“కుర్చీ,” అంది బెర్నడెట్. గొంతు పెంచలేదు.

“ఎనభై ఉంది బెర్నడెట్...”

“కుర్చీ.”

“ఆరడుగులేగా మిగిలింది, బాగానే ఉన్నానంటుంటే,” అని ఆయన విసుక్కుంటుండగానే మోకాళ్లు మడతపడ్డాయి. వైరు ఇంకా వదల్లేదు. బెర్నడెట్ ఆయన చంకలు పట్టలేదు. అలా లాగితే ఎముక కదులుతుంది. తన మోకాలిని ఆయన మోకాలికి అడ్డుపెట్టి, బెల్టు పట్టి, ఆ నిలువెత్తు మనిషిని తన తుంటి మీదికి వాల్చుకుంది. నేను వైరు తెంచేశాను. కుర్చీ ఆయన కిందికి చేరేసరికి ఆమె మెడ నరాలు తాళ్లలా ఉన్నాయి.

బీపీ అరవై ఎనిమిదికి పడిపోయింది. పెదాలు వెలిసిన గుడ్డలా ఉన్నాయి. కాళ్లు ఎత్తి పెట్టి డాక్టరును పిలిచాం. రంగు మెల్లగా తిరిగొచ్చింది.

“ఆ ఎనభై ఆయనది కాదు, పేస్‌మేకరుది,” అంది బెర్నడెట్ నాతో, బయటికి వచ్చాక. “మనిషి కూలిపోతున్నా అది కొడుతూనే ఉంటుంది. ఇక ఈ తీరం మగాళ్లంటావా, నీళ్లు ముక్కు దాకా వచ్చినా బాగానే ఉన్నామంటారు. అందుకే ఎలా ఉందని అడగను. పడవలు వరస తప్పితే కూర్చోబెడతాను.”

మామూలు వార్డుకు పంపడం ఆగిపోయింది. వెండెల్ మధ్యాహ్నం భోజనం పళ్లెం వెనక్కి తోసేశాడు. మూడింటికి, మాత్రలు మార్చాక, మళ్లీ లేపాం. కుర్చీ అంచు ఆయన పిక్కలకు తగులుతూనే ఉంచాను. పేర్లు ఆయనే మొదలుపెట్టాడు. నాలుగో అడుగులో ఆగిపోయాడు.

“కళ్లు తిరుగుతున్నాయి,” అన్నాడు గోడకేసి చూస్తూ, దొంగతనం ఒప్పుకున్నట్టు.

“కూర్చోండి కెప్టెన్,” అంది బెర్నడెట్.

కూర్చున్నాడు. చేతులు ఆనించకుండానే.