తొమ్మిదో తరగతి మస్తాన్

ఎండు నిమ్మకాయ వేసి మరిగించిన టీ వాసన తగిలితే చాలు, కువైట్‌లో బ్నీద్ అల్ గార్ పేటలోని మా ఇరుకు వంటగది గుర్తుకొస్తుంది. నిన్న ఆ టీ తాగుతూనే ఒక కోర్టు తీర్పు చదివాను. చిన్న వయసులో నేరం చేసినవాళ్లను, మారతారో లేదో కూడా చూడకుండా బతికినంత కాలం జైల్లో ఉంచడం తప్పని దాని సారాంశం. పిల్లల కేసులు వాదించే లాయర్ని కాబట్టి ఇలాంటివి వెతుక్కుని మరీ చదువుతాను. చదివిన ప్రతిసారీ మస్తానన్న కళ్లముందు నిలబడతాడు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన వేసవి అది. నాకు పదేళ్లు. ఆ సైనికులు జైలు తలుపులు తెరిచేశారని విన్న కొన్నాళ్లకు, మాసిన గడ్డంతో ఒక మనిషి మా గుమ్మంలో నిలబడ్డాడు. నాయన అల్ రాయ్‌లో ఒక కార్ల వర్క్‌షాపులో స్టోరు చూసేవాడు. ఆ వచ్చిన మనిషి, రాయచోటి మస్తాన్, అక్కడే హెల్పరుగా ఉండేవాడట. గొడవలో తోటి పనివాణ్ణి స్పానరుతో కొట్టాడు, అతను చనిపోయాడు, యావజ్జీవం పడింది. ఇదంతా పెద్దవాళ్ల గుసగుసల్లో విన్నాను. అతన్ని ఇంట్లో ఉంచుకోవడం అమ్మకు సుతరామూ ఇష్టం లేదు. నాకేమో హంతకుడంటే ఎలా ఉంటాడో దగ్గరగా చూడాలని ఒకటే ఆరాటం. తీరా చూస్తే, జైల్లో నేర్చుకున్న ఎండు నిమ్మకాయ టీ కాచి, అమ్మ చూడకుండా నా గ్లాసులో చక్కెర ఎక్కువ వేసే మనిషి.

ఒకరోజు నోరు ఊరుకోక, ఏం చదివినావన్నా అని అడిగాను.

"తొమ్మిదిలో ఉన్నెప్పుడు ఇడిసిపెట్టి ఈడికొచ్చినా పాపా."

"మరి ఆ గొడవ?"

"వచ్చిన ఏడాదే."

వేళ్లు మడిచి లెక్కేశాను. "అంటే నువ్వు అప్పుడు పిల్లోడివే కదా!"

అతని చేతిలో చెంచా ఆగిపోయింది. "పాస్‌పోర్టులో ఇరవై రెండని రాయించినాడు ఏజెంటు. ఎవురడిగినా అదే సెప్పమన్నాడు. జడ్జీ అడిగితే గూడా అదే సెప్తి. నిజం సెప్తే దొంగ పాస్‌పోర్టని ఊరికి తోలేస్తారని బయం."

గల్ఫ్ కోసం వయసు పెంచి రాయించుకోవడం మా కడప వైపు కొత్తేమీ కాదు. ఇంటికి పంపేస్తారన్న భయంతో యావజ్జీవం నెత్తికెత్తుకున్నవాణ్ణి మాత్రం ఇంకెక్కడా చూడలేదు.

"ఇప్పుడు తప్పించుకున్నావు కదా" అన్నాను.

"తలుపు తెరిసినోడు సిపాయి పాపా, మాఫీ ఇచ్చినోడు కాదు. సచ్చిపోయినోడికి అమ్మ ఉండాది."

మనవాళ్లను జోర్డాన్ మీదుగా తరలించేటప్పుడు, పాస్‌పోర్టు లేనివాళ్లకు మన ఎంబసీవాళ్లు అప్పటికప్పుడు కాగితాలు రాసిచ్చారు. వరుసలో నాయన అతని చెవిలో, "పేరు మార్చి సెప్పురా, ఈ పేరుతో దొరికితే మళ్లీ జైలే" అన్నాడు. మస్తానన్న నా వైపు చూశాడు. తన పేరే చెప్పాడు. వయసు పంతొమ్మిదన్నాడు. రాసే ఆయన ఆ గడ్డం చూసి నవ్వాడు. నాకు ఒళ్లు మండి, "తొమ్మిదో తరగతిలో వచ్చినాడు సార్, వచ్చి ఐదేళ్లు, లెక్కేసుకోండి!" అని అరిచాను. ఆయన పంతొమ్మిదే రాశాడు. నేను గెలిచిన మొదటి వాదన అదే.

బొంబాయిలో విడిపోయాం. చనిపోయినవాడి తల్లి దగ్గరకు వెళ్లాడా, వెళితే ఆమె ఏమంది, నాకు తెలియదు. తెలుసుకోవాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

నా దగ్గరకొచ్చే పిల్లలను మొదటే వయసు అడగను. ఎవరో నేర్పిన అంకె వాళ్ల నాలుక మీద సిద్ధంగా ఉంటుంది. ముందు టీ ఇస్తాను, చక్కెర కాస్త ఎక్కువే వేసి. సగం గ్లాసు అయ్యాక అడుగుతాను: "బడి ఏ తరగతిలో మానేశావు నాన్నా?"