ఉప్పలయ్య వెల్లుల్లి కాపలా

కొడకండ్లలో ఉప్పలయ్యకు బావి పక్కన పది గుంటల చెలక ఉంది. నాకు తమ్ముడి వరస. పత్తిలో పుట్టి మిరపలో పెరిగిన మనిషి. అరవయ్యో ఏట సేంద్రియ రైతుల మేళాకు పోయి, మంచు కొండల వెల్లుల్లి విత్తనం మూట కట్టుకొని వచ్చాడు. నడుమ పుల్లలాంటి గట్టి కాడ, దాని చుట్టూ బొద్దు రెబ్బలు. మందులు వేయకుండా పండిస్తే జనం ఇంటికే వచ్చి కొనుక్కుపోతారని అమ్మినవాడు చెప్పాడట.

ఆ చెలకలో మిరప పెట్టాలని భార్య మైసమ్మ పట్టుదల.

"ఒక్క పంట చూస్త. గడ్డలన్ని నా పిడికిలంత రాకుంటే చెలక నాది. మల్ల ఎల్లిగడ్డ ముచ్చట తీసినవంటే ఊకోను."

"నీ పిడికిలి ఎంతుంటదో నా ఈపుకు ఎర్కే," అంటూనే ఉప్పలయ్య ఒప్పుకున్నాడు.

చలి తగలనిదే ఆ విత్తనం గడ్డ కట్టదు. కొడకండ్లలో అంత చలి ఎక్కడిది? రెండు నెలలు రెబ్బలను ఫ్రిజ్‌లో పడుకోబెట్టాడు. పాలు, పెరుగు, చివరికి ఐసుముక్క కూడా వెల్లుల్లి వాసనే. ఆ వాసనకు పెద్దవంగర దాకా దోమలు ఊళ్లు ఖాళీ చేశాయి. చిన్నప్పుడు అబద్ధమాడితే మా కాన్వెంటు సిస్టర్ మోకాళ్ల మీద నిలబెట్టేది కాబట్టి, పెద్దవంగర అవతలి దోమల సంగతి చెప్పడం లేదు.

కార్తీకంలో నాటాడు. మాఘంలో మొక్కల నడుమ నుంచి పచ్చటి కాడలు లేచి, పంది తోకల్లా మెలి తిరిగి, కొసన మొగ్గ తొడిగాయి. పత్తి రైతుకు పూత అంటే పంటే. ఊరంతా చాటి, అమ్మినవాడికీ ఫోన్ చేశాడు. "ఆ మొగ్గలు తెంపెయ్యండి, గడ్డ ఊరుతుంది," అన్నాడు అతను.

"పూత తెంపాల్నంట! అన్నంల మన్ను పొయ్యిమన్నట్టే. వీనికి ఎవుసమే ఎర్కలేదు," అని ఉప్పలయ్య ఫోన్ పెట్టేశాడు.

బర్రెకు కుడితి పెడుతున్న మైసమ్మ ఆ మాటలేవీ వినలేదు. ఆమె లెక్క ఆమెది: పూత పోతే పంట పోతుంది, చెలక తనదవుతుంది. మర్నాటి నుంచి, మొగుడు హోటల్లో చాయ్ తాగే వేళకు వెళ్లి, చివరి సాళ్ల నుంచి మొగ్గ కాడలు తెంపి, కొంగున వేసుకొచ్చి కోడిగుడ్డుతో పొరటు చేసింది. "ఉల్లాకు కూర," అంటే ఉప్పలయ్య లొట్టలు వేసుకుంటూ తిన్నాడు.

సగం చెలక బోసిపోయాక గానీ అతను చూసుకోలేదు.

"ఎవడు తెంపిండే?"

"కోతులు."

"కోతులు ఎల్లిగడ్డ తింటయా?"

"మంచు కొండలది గదా. రుచి చూస్తున్నయేమో."

ఆ రోజు నుంచి వడిసెల పట్టుకొని, మిగిలిన సగానికి కాపలాగా మంచం వేసుకొని కూర్చున్నాడు. ఒక్క మొగ్గ పోనివ్వలేదు.

ఫాల్గుణంలో పీకారు. ఎండ తగిలితే ఉడుకుతుంది, చెమ్మ తగిలితే బూజు పడుతుంది. అందుకని కాడలు కోయకుండానే కట్టలు కట్టి, కొట్టంలో గాలి ఆడేచోట మూడు వారాలు వేలాడదీశారు. కాపలా కాసిన సగం ఒక దూలానికి, కోతుల సగం ఇంకో దూలానికి.

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి సుశీల టీచర్ కొనడానికి వచ్చింది. మొదటి దూలానికి గోళీలంత గడ్డలు చూసి, "గివి గోటీలా, అన్నా?" అంది. రెండో దూలం దగ్గర నోరు తెరిచింది. కొబ్బరికాయంత అందామనుకున్నాను గానీ, మైసమ్మ పిడికిలికి ఒక వేలు ఎక్కువే అంటే చాలు.

"ఎట్ల పండించినవన్నా?"

ఉప్పలయ్య మీసం దువ్వాడు. "అంత నా చెయ్యి వాటం, అక్కా."

నోరు మూసుకొని గోటీల దూలం చూపిస్తే చాలు, పందెం మైసమ్మదే. కానీ ఆ మీసం దువ్వడం చూసి ఆమె ఆగలేకపోయింది.

"నీ చెయ్యా? నువ్వు కాపలా కాసినయి గోటీలయినయ్. నేను పూత తెంపినయే గింత లావైనయ్!"

"నువ్వు తెంపినవా? మరి కోతులు?"

"కోతిని నేనే! కోడిగుడ్డేస్తే నీ పూతనంత నువ్వే తింటివి గదా!"

సుశీల టీచర్ పది కిలోలు తూయించుకొని, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని వెళ్లిపోయింది. ఉప్పలయ్య గోటీల కట్టను దూలం నుంచి దించాడు.

"గిప్పుడు చెలక ఎవలది?"

"నాదే." మైసమ్మ మిగిలిన పెద్ద గడ్డలను విత్తనానికని వేరు చేస్తోంది. "మిరప లేదు, గిరప లేదు. వచ్చే ఏడు పది గుంటలు ఎల్లిగడ్డే. పూత నేను తెంపుత. సూడలేవంటే ఆ నాల్గు దినాలు మీ అక్కోళ్లింటికి పో."